హకీం అబుల్ ఖాసిం జహ్రావీ: నోటి రోగాలను చూచి వ్రాసిన మహావైద్యుడు

మన సంచికలలో ఇస్లామీయ చరిత్రకు చెందిన పెద్దల గురించి వ్రాయడం ఆనవాయితీగా వస్తూ వుంది. రాజుల గురించి, సేనాపతుల గురించి, సూఫీ మహనీయుల గురించి వ్రాసేవారు చాలామంది వున్నారు. మేము యీసారి ఒక వైద్యుని గురించి వ్రాయదలచుకున్నాము. మనుషుల చేత నోరు తెరిపించి, ఎండ వెలుతురులో లోపలికి తొంగిచూచి, పంటి మీది గార మొదలుకొని గొంతులోని గడ్డ దాకా ఏది ఏమిటో గుర్తుపట్టి, తన చేతితో వైద్యం చేసి, నయమైనది నయమైనట్లు, కానిది కానట్లు వ్రాసిపెట్టిన హకీం ఆయన. పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అల్ జహ్రావీ. యూరపు వాళ్ళకు యీ పేరు నోరు తిరగక అబుల్కాసిస్ అన్నారు.

ఇబ్న్ సీనా పేరు మన యిళ్ళలో చాలామందికి తెలుసు. యునానీ దవాఖానాకు ఒక్కసారి వెళ్ళినవారు కూడా వినే వుంటారు. జహ్రావీ పేరు అంతగా వినబడదు. కారణం మాకు తోచినది చెప్తాము. ఇబ్న్ సీనా పేరు మందులతో నిలిచింది, జహ్రావీ పేరు కత్తితో నిలిచింది. మన దేశంలో హకీములు నాడి చూచి, ఖారూరా చూచి, మాజూన్ యిచ్చి పంపడం దగ్గరే ఎక్కువగా ఆగిపోయినారు. కోసే పని జర్రాహ్‌కు, పన్ను పీకే పని మంగలికి వదిలేసినారు. చేతి పని తక్కువ పని అనుకున్నచోట చేతి పని చేసినవాని పేరు ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

ముందు ఆయన ఊరు, కాలం గురించి నాలుగు మాటలు. స్పెయిను దేశంలో తమ పాలన వున్న భాగాన్ని అరబ్బులు అందలుస్ అన్నారు. దాని రాజధాని ఖుర్తుబా, యిప్పటి వాళ్ళు కార్డోబా అంటారు. అక్కడి ఉమయ్యద్ పాలకుడు మూడవ అబ్దుర్రహ్మాన్ 929లో తానే ఖలీఫానని ప్రకటించుకున్నాడు. 936 ప్రాంతంలో ఖుర్తుబాకు పడమరగా నాలుగైదు మైళ్ళ దూరాన, కొండ వాలులో, ఒక కొత్త నగరం కట్టడానికి పూనుకున్నాడు. పాలరాతి స్తంభాలు, తోటలు, నీటి కొలనులు, పెద్ద పెద్ద కొలువు కూటాలు. దాని పేరు మదీనతుజ్జహ్రా. జహ్రా అనేది ఖలీఫాకు యిష్టమైన స్త్రీ పేరని ఒక కథ వుంది, దానిని కథగానే వినాలి. మన హకీం గారు యీ ఊరివారే, సుమారుగా ఊరు వెలసిన కాలంలోనే పుట్టినవారు. ఊరి పేరే ఆయన పేరులో కలిసి జహ్రావీ అయింది. వంశం అన్సారీలది, అంటే మదీనాలో మహాప్రవక్త (స) వారికి ఆశ్రయమిచ్చిన పుణ్యాత్ముల సంతతి.

అబ్దుర్రహ్మాన్ కొడుకు రెండవ హకం 961 నుండి 976 దాకా ఏలినాడు. ఆయనకు పుస్తకాల పిచ్చి. కైరో, బాగ్దాదు వంటి దూరపు ఊళ్ళ నుండి పుస్తకాలు కొని తెప్పించేవాడు, నకళ్ళు వ్రాయించేవాడు. ఆయన గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలుండేవని పాత చరిత్రకారులు వ్రాశారు. లెక్క కొంచెం పెంచితే పెంచి వుండవచ్చు, కాని సగం అనుకున్నా తక్కువ కాదు గదా! అంతకు ముందే, తండ్రి కాలంలో, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి దగ్గర నుండి దియోస్కోరిదీస్ వ్రాసిన మూలికల గ్రంథం కానుకగా వచ్చింది. ఖుర్తుబాలో గ్రీకు చదివేవారు లేరు. 951లో నికోలస్ అనే క్రైస్తవ సన్యాసిని అక్కడి నుండి రప్పించారు. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ఒకచోట కూర్చొని ఏ మూలికకు ఏ పేరో తేల్చుకున్నారు. జహ్రావీ చదువుకున్నదీ, పెరిగి పెద్దవాడైనదీ యిటువంటి వాతావరణంలో.

ఆయన వ్రాసిన గ్రంథం పేరు కితాబుత్తస్రీఫ్. పూర్తి పేరు చాలా పొడవు. సొంతంగా గ్రంథాలు కూర్చుకోలేని వైద్యునికి పనికివచ్చే పుస్తకం అనే భావం అందులో వుంది. మొత్తం ముప్పై మఖాలాలు, అంటే ముప్పై భాగాలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో పూర్తయింది. రోగ లక్షణాలు, మందుల తయారీ, ఆహారం, అత్తరులు, పండ్లపొడులు, నోటి మందులు అన్నీ వున్నాయి. అందరికంటే పేరు తెచ్చినది చివరిదైన ముప్పయ్యవ భాగం, అది శస్త్రచికిత్స గురించి. ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి, ఆయన తన శిష్యులను కన్నబిడ్డలను పిలిచినట్లు పిలుస్తూ వ్రాయడం. పాఠం చెప్పేవానికి ఎదురుగా పిల్లలుంటేనే మాట సూటిగా వస్తుంది, యిది మా వృత్తిలో వున్న వాళ్ళకు తెలిసిన సంగతే. పరికరం ఎలా వుంటుందో మాటలతో చెప్పి ఊరుకోలేదు, పక్కనే బొమ్మ గీయించారు. అటువంటి బొమ్మలు రెండు వందల దాకా వున్నాయి. శస్త్ర పరికరాలను యిన్ని బొమ్మలతో చూపిన గ్రంథం అంతకు ముందు కాలం నుండి మనకు ఏదీ మిగిలి లేదు.

ఆ ముప్పయ్యవ భాగం ముందుమాట చదివితే జహ్రావీ మనసులో బాధ తెలుస్తుంది. తన దేశంలో శస్త్రవిద్య దాదాపు నశించిందని, పూర్వులు వ్రాసినది కూడా నకళ్ళలో తప్పులు దొర్లి అర్థం కాకుండా పోయిందని చెప్తారు. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పడితే ఏమవుతుందో తాను చూచినవే చెప్తారు. ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోయబోయి రక్తనాళాలు తెగగొట్టాడు, ఆమె అతని చేతుల్లోనే నెత్తురు పోయి చనిపోయింది. ఇంకొకడు ఒక ముసలాయన మూత్రాశయంలోని రాయి తీస్తూ, రాయితో పాటు మూత్రాశయం ముక్కను కూడా లాగేశాడు, మూడు రోజుల్లో మనిషి పోయినాడు. పరువు కోసం యిటువంటివి దాచే లోకంలో, తోటి వైద్యుల తప్పులు వ్రాసి శిష్యుల ముందు పెట్టడం మాటలు కాదు. ప్రమాదం వున్న చికిత్స ఏదో, లేనిది ఏదో ముందే విడదీసుకోవాలని, డబ్బు కోసం, పేరు కోసం తొందరపడి చేయరాదని ఆయన హెచ్చరిక.

ఇక నోటి సంగతికి వస్తాము.

పళ్ళకు గార పడుతుంది గదా. జహ్రావీ దీనికోసం ఒక ప్రత్యేక అధ్యాయమే వ్రాశారు. పళ్ళ లోపలి వైపు, బయటి వైపు, చిగుళ్ళ సందున గరుకైన అసహ్యమైన పెచ్చులు కడతాయి. అవి నలుపు, పసుపు, పచ్చ రంగులకు తిరుగుతాయి. ఆ చెడు చిగుళ్ళకు పాకి పళ్ళు పాడవుతాయి. ఇదీ ఆయన గమనించినది. చికిత్స ఏమిటంటే, రోగిని ముందు కూర్చోబెట్టుకొని, తల తన ఒడిలో ఆనించుకొని, గార ఏ పంటి మీద వుందో దానిని ఇసుక రేణువంత కూడా మిగలకుండా గీకెయ్యాలి. ఒక పూటకు కాకపోతే మరునాడు, ఆ మరునాడు కూడా చేయాలి. ఇందుకు ఒక్క పరికరం చాలదు. పంటి లోపల గీకడానికి ఒక తీరు, బయట గీకడానికి ఒక తీరు, సందులకు యింకొక తీరు కావాలి. రకరకాల ఆకారాలలో పద్నాలుగు గీకుడు పరికరాల బొమ్మలు యిచ్చారు. ఇప్పటి దంత వైద్యుని బల్ల మీద స్కేలింగు పరికరాలు చూచినవారు ఆ బొమ్మలు చూస్తే, కొన్నింటిని యిట్టే పోల్చుకోగలరు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన మాట వుంది. గార వల్ల చిగుళ్ళు చెడతాయని జహ్రావీ కంటితో చూచి చెప్పారు. ఎందుకు చెడతాయో చెప్పడానికి ఆయన దగ్గర సూక్ష్మదర్శిని లేదు. ఒంట్లోని నాలుగు ఖిల్తుల హెచ్చుతగ్గులే రోగాలకు మూలం అనే గాలెన్ సిద్ధాంతాన్నే ఆయన కూడా నమ్మినారు. 1683లో హాలండులో బట్టల వ్యాపారి అయిన లీవెన్‌హుక్ తన పళ్ళ మధ్య నుండి తెల్లని పాచి తీసి తాను చేసుకున్న భూతద్దం కింద పెడితే, అందులో కదులుతున్న సూక్ష్మజీవులు కనిపించాయి. 1890లో బెర్లిన్‌లో పని చేసిన అమెరికా దంత వైద్యుడు మిల్లర్ నోటిలోని సూక్ష్మజీవుల గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఉమ్మిలో రొట్టె కలిపి, పీకిన పళ్ళను అందులో వేసి, వెచ్చగా వుంచి చూచాడు. సూక్ష్మజీవులు పిండి పదార్థాన్ని పులియబెట్టి పుల్లని ఆమ్లం చేస్తాయని, ఆ ఆమ్లమే పంటి గట్టి పొరను కరిగించి పుప్పికి దారి తీస్తుందని చూపాడు. చిగుళ్ళ సంగతి అంతకన్నా ఆలస్యంగా తేలింది. 1965లో డెన్మార్కులో లోయె అనే పరిశోధకుడు, ఆయన తోటివారు 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. రెండు మూడు వారాల్లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో తగ్గిపోయాయి. పాచి పేరుకుంటే చిగురు చెడుతుందనే మాటకు అట్లా రుజువు దొరికింది. ఆ పాచి గట్టిపడితేనే గార. జహ్రావీ గార గీకమన్న నాటి నుండి యీ రుజువు దాకా సుమారు 965 సంవత్సరాలు పట్టింది.

రోజుకు ఎన్నోసార్లు మిస్వాక్ చేయడం మహాప్రవక్త (స) వారి అలవాటు అని మన పిల్లవాళ్ళకు కూడా తెలుసు. వజూలో రోజుకు ఐదు పూటలా నోరు పుక్కిలించే జాతి మనది. అయినా మన బస్తీలలో నలభై దాటేసరికి ముందు పళ్ళు ఊడినవారు ఎంతమంది లేరు! మిస్వాక్ పుల్లను జేబులో పెట్టుకోవడం వేరు, దానితో చిగురు అంచు దాకా తోమడం వేరు.

పన్ను పీకే అధ్యాయం చదువుతుంటే మాకు వెంటనే సంతలలో గొడుగు వేసుకొని కూర్చునే పళ్ళవాళ్ళు గుర్తుకు వచ్చారు. జహ్రావీ మొట్టమొదట చెప్పేది పీకవద్దని. పంటి నొప్పికి తెలిసిన ఉపాయాలన్నీ చేసి చూడాలి, పీకడానికి వెనుకాడాలి, ఎందుకంటే పోయిన పంటికి బదులు యింకొకటి రాదు. తప్పనిసరి అయినప్పుడు ముందు నొప్పి పన్ను ఏదో రూఢి చేసుకోవాలి. నొప్పి రోగిని మోసం చేస్తుంది. మంచి పంటిని చూపి యిదే అంటాడు, అది పీకించుకుంటాడు, నొప్పి మాత్రం పోదు, అసలు పన్ను పీకితే గాని పోదు. మంగళ్ళ చేతుల్లో యిట్లా జరగడం తాను చూచినానని వ్రాశారు. తరువాత పంటి చుట్టూ చిగురును కత్తితో విడదీయాలి. వేళ్ళతో గాని చిన్న పట్టకారుతో గాని కొద్దికొద్దిగా కదిలించి వదులు చేయాలి. అప్పుడు పెద్ద పట్టకారుతో, రోగి తల కదలకుండా మోకాళ్ళ మధ్య పట్టుకొని, పన్ను విరగకుండా నిట్టనిలువుగా లాగాలి. పంటిలో గుంట వుంటే పట్టకారు ఒత్తిడికి చిట్లిపోతుంది కనుక ముందే ఆ గుంటలో గుడ్డ కూరాలి. పని అయిన తరువాత ఉప్పు కలిపిన సిర్కాతో పుక్కిలించాలి. రక్తం ఆగకపోతే తుత్తం పొడి నింపాలి, దానికీ ఆగకపోతే వాత పెట్టాలి.

ఈ జాగ్రత్తలేవీ లేని మంగళ్ళ మీద ఆయన చాలా కోపంగా వ్రాశారు. పన్ను విరిచి వేళ్ళు లోపలే వదిలేస్తారు, కొన్నిసార్లు పంటితో పాటు దవడ ఎముక ముక్కను కూడా ఊడదీస్తారు అన్నారు. అయితే తిట్టి వదిలిపెట్టలేదు. అట్లా లోపల మిగిలిపోయిన వేళ్ళను, దవడ ముక్కలను తీసే పద్ధతి, పరికరాలు మరుసటి అధ్యాయంలోనే యిచ్చారు. ఎవరో చెడగొట్టిన నోరు తన దగ్గరికి వస్తే బాగుచేయడమే వైద్యుని పని గదా. మంగలి వృత్తి వాళ్ళను యిక్కడ చులకన చేయడం మా ఉద్దేశం కాదు. దవాఖానాలు లేని కాలంలో మన పిల్లలకు ఖత్నాలు చేసినది, కురుపులు కోసినది వాళ్ళే. నేర్పేవాడు లేకుండా పని నెత్తిన పడితే ఎవరి చేతిలోనైనా తప్పు జరుగుతుంది. ఖత్నా మాట వచ్చింది కనుక చెప్తున్నాము, పూర్వ గ్రీకు గ్రంథాలలో యిది లేదు, వాళ్ళ మతాచారంలో లేదు కనుక. అందుచేత తన అనుభవం మీదనే పద్ధతి ఏర్పరచుకున్నానని జహ్రావీ వేరే అధ్యాయం వ్రాశారు.

కదిలే పళ్ళను నిలబెట్టడానికి ఆయన చెప్పిన ఉపాయం ముచ్చటైనది. అటు ఇటు గట్టిగా వున్న పళ్ళకు సన్నని తీగ చుట్టి, నడుమ కదిలే పళ్ళను జల్లెడ అల్లినట్లు అల్లి బిగించి, ముడిని లోపలికి తిప్పి పెట్టాలి. తీగ బంగారానిదైతే మేలు, వెండి కొన్నాళ్ళకు చిలుము పట్టి పచ్చబడుతుంది, బంగారం ఎన్నాళ్ళకూ మారదు. ఊడిన పంటిని మళ్ళీ దాని చోటులో పెట్టి యిట్లాగే కట్టవచ్చు. లేకపోతే ఎద్దు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి అమర్చవచ్చు, దానితో నమలవచ్చు కూడా అన్నారు. మగవారికి బంగారం నిషిద్ధం గదా, యిది ఎట్లా అని కొందరు అడుగుతారు. అర్ఫజా అనే సహాబీకి యుద్ధంలో ముక్కు తెగితే వెండి ముక్కు పెట్టించుకున్నారు, అది వాసన వస్తే బంగారంతో చేయించుకోవడానికి మహాప్రవక్త (స) వారు అనుమతించారని హదీసు గ్రంథాలలో వుంది. కదిలే పళ్ళకు బంగారు తీగ కట్టుకోవడం గురించి ఫిఖహ్ పెద్దలు యీ హదీసును ఆధారం చేసుకొనే చర్చించారు.

జహ్రావీ గొప్పదనం యిన్ని పనిముట్లు తయారు చేయించడంలో కంటే, ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో చెప్పడంలో ఎక్కువగా వుందని మా అభిప్రాయం. నాలుక కింద కప్ప ఆకారంలో వాపు వస్తుంది. రోగిని సూర్యునికి ఎదురుగా కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడాలి. వాపు నల్లగా, గట్టిగా, తాకితే తెలియనట్లు వుంటే అది సర్‌తాన్, అంటే కాన్సరు, దాని జోలికి పోరాదు. తెల్లగా, లోపల నీరు వున్నట్లు వుంటే కొంకితో పట్టి, చుట్టూ సన్నని కత్తితో విడదీసి తీసివేయాలి. టాన్సిల్స్ వాపుకూ యిదే తీరు పరీక్ష. నాలుక నొక్కిపట్టడానికి వెండి లేదా రాగితో కత్తిలాగా పలుచని పరికరం చేయించారు. ఎరుపు, నలుపు రంగులలో వున్నవి, మొదలు లావుగా వున్నవి కోస్తే రక్తస్రావం ప్రమాదమని వదిలిపెట్టమన్నారు. తెల్లగా, గుండ్రంగా, మొదలు సన్నగా వున్నదానినే కోయాలి.

కాని ఒకసారి ఆయనే ఆ నియమాన్ని దాటవలసి వచ్చింది. ఒక స్త్రీకి గొంతు లోపల గడ్డ లేచింది. రంగు నలుపు తిరిగింది, స్పర్శ తక్కువ. గొంతును దాదాపు మూసేసింది. ఆమె సన్నని సందులో నుండి ఊపిరి తీస్తూ వుంది. తిండి లేదు, నీళ్ళు దిగవు. ఇంకొక రోజో రెండు రోజులో వుంటే చనిపోయేది. గడ్డ పైకి పెరిగి రెండు కొమ్మలై రెండు ముక్కు రంధ్రాలలో నుండి బయటికి వచ్చింది. జహ్రావీ ఆలస్యం చేయలేదు. ఒక ముక్కులోని కొమ్మకు కొంకి తగిలించి లాగితే చాలా భాగం వచ్చింది, దానిని కోసివేశారు. రెండవ వైపు కూడా అట్లాగే చేశారు. తరువాత నోరు తెరిపించి, నాలుక నొక్కి, గడ్డకే కొంకి గుచ్చి కొంత కోశారు. రక్తం కొద్దిగానే కారింది. గొంతు సందు విడింది. ఆమె అప్పటికప్పుడు నీళ్ళు తాగింది, తరువాత ఆహారం తీసుకుంది.

కథ యిక్కడ ఆపితే ఎంతో బాగుండేది, హకీం గారికి మెప్పు మిగిలేది. కాని ఆయన ఆపలేదు. కోసినచోట గడ్డ మళ్ళీ మళ్ళీ పెరిగింది. చాలా కాలం మాటిమాటికీ కోస్తూ వచ్చారు. చివరికి వాత పెడితే పెరగడం నిలిచింది. ఆ మీదట ఆయన ప్రయాణం మీద వెళ్ళవలసి వచ్చింది, తరువాత ఆమె విషయంలో అల్లాహ్ ఏమి నిర్ణయించాడో తనకు తెలియదని వ్రాసి ముగించారు. వెయ్యేళ్ళ కిందట ఒక వైద్యుడు తన రోగి చివరికి ఏమైందో తెలియదని గ్రంథంలో వ్రాయడం! ఇప్పటి ఆసుపత్రులలో క్లినికల్ రికార్డు అంటున్నది దీనినే గదా. రోగి స్థితి ఏమిటి, చేసినది ఏమిటి, ఫలితం ఏమిటి, ఎంతవరకు తెలుసు, అన్నీ యీ ఒక్క కేసులో వున్నాయి.

ఇంకొక సంగతి కూడా యిటువంటిదే. ఒక దాసీ పిల్ల కత్తితో తన గొంతు కోసుకుంది. పిలిస్తే వెళ్ళి చూచారు. గాయంలో నుండి గాలి వస్తూ వుంది, పెద్ద రక్తనాళాలు మాత్రం తెగలేదు. కుట్లు వేసి మాన్పారు. కొంచెం బొంగురు గొంతు తప్ప ఆమెకు ఏమీ మిగలలేదు. శ్వాసనాళం కోయడం ప్రాణాంతకమని భయపడే కాలం అది. ఈ అనుభవంతో, అది అంత ప్రమాదం కాదని ఆయన వ్రాశారు. పుస్తకంలో చదివినదానిని రోగి మంచం దగ్గర సరిచూచుకోవడం అంటే యిదే.

మనవాళ్ళు కొందరు జహ్రావీ అన్నీ తానే కనిపెట్టినాడని వ్రాస్తూ వుంటారు. అది న్యాయం కాదు. ఏడవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌలుస్ గ్రంథం నుండి ఆయన చాలా తీసుకున్నారు. తీసుకున్నది తన చేతితో చేసి చూచి, పనికివచ్చేది వుంచి, పనిముట్టు బొమ్మ చేర్చి, తన కేసు చెప్పి శిష్యులకు అందించారు. ఇదేమీ తక్కువ ఘనత కాదు, లేనిది అంటగట్టనవసరం లేదు.

కాన్సరు గురించి ఆయన చెప్పినది మన కుటుంబాలవారు ప్రత్యేకంగా వినాలి. గడ్డ చిన్నదిగా, కొత్తగా వుండి, మొత్తం తీసివేయడానికి వీలైన చోట వుంటే తీసివేయమన్నారు. పాతబడి పెద్దదైతే దగ్గరికి పోవద్దన్నారు. అటువంటిదానిని తాను ఒక్కటి కూడా నయం చేయలేకపోయానని, తనకు ముందు చేసినవాడిని కూడా చూడలేదని ఒప్పుకున్నారు. ఇప్పుడు శస్త్రచికిత్స, రేడియేషను, మందులు ఎంతో పెరిగాయి. అయినా నోటి కాన్సరు విషయంలో తొందరగా పట్టుకోవడానికీ, ఆలస్యంగా పట్టుకోవడానికీ వున్న తేడా అట్లాగే వుంది.

మన వలీమాలలో భోజనం తరువాత పాన్ లేకపోతే పెళ్ళివారికి మాట వస్తుంది. పాన్‌తో వక్క, జర్దా, కిమాం. చిన్న కుర్రవాళ్ళ జేబుల్లో గుట్కా పొట్లాలు. పొగాకు చేటు అని అందరికీ తెలుసు, వక్క కూడా చేటేనని చాలామంది నమ్మరు. పొగాకు కలవకపోయినా ఒట్టి వక్కే కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 2004లో ప్రచురించింది. వక్క నమిలేవారికి బుగ్గ లోపలి పొర గట్టిపడి, తెల్లబారి, నోరు క్రమంగా తెరుచుకోకుండా అవుతుంది. కారం తగిలితే మంట. అది కాన్సరు కాదు గాని కాన్సరుకు దారి తీయగల రోగం. తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టనివాడు, నోట్లో పుండు మూడు వారాలకు కూడా మాననివాడు, తెల్లని మచ్చ గాని ఎర్రని మచ్చ గాని కనబడినవాడు నొప్పి లేదు గదా అని కూర్చోకుండా పరీక్ష చేయించుకోవాలి. మొదట్లో నొప్పి వుండదు, అదే దానిలో వున్న మోసం. ఉత్తర కోస్తా జిల్లాలలో ముఖ్యంగా ఆడవారు చుట్టను మండే కొస నోట్లో పెట్టుకొని పీల్చే అలవాటు వుంది. అడ్డ పొగ అంటారు. దీనివల్ల అంగిట్లో కాన్సరు వస్తుందని విశాఖపట్నం డాక్టర్లు 1957లోనే వైద్య పత్రికలో వ్రాశారు. ఆ డాక్టర్లు చేసినది కూడా జహ్రావీ పనే, నోరు తెరిపించి చూడడం, చూచినది వ్రాయడం.

జహ్రావీ ముసలితనంలో అందలుస్ చెడిపోయింది. 1009లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ మరుసటి సంవత్సరం జహ్రా నగరం లూటీ అయింది, కాలిపోయింది. కొన్నేళ్ళకే, 1013 ప్రాంతంలో, హకీం గారు కన్నుమూశారు. అందలుస్ పండితుడు ఇబ్న్ హజ్మ్ ఆయన గ్రంథాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. అయినా యింత పెద్ద వైద్యుని జీవితం గురించి ఆ కాలంవారు వ్రాసినవి నాలుగు పంక్తులే, మిగతాది ఆయన గ్రంథమే చెప్పాలి. ఇబ్న్ సీనా అప్పటికి ముప్పై మూడేళ్ళవాడు, దూరాన ఇరాన్ దేశంలో వున్నాడు.

గ్రంథం మాత్రం ప్రయాణం చేసింది. 12వ శతాబ్దంలో తులైతులా, అంటే టొలీడో నగరంలో, క్రెమోనా ఊరి గెరార్డ్ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి తిప్పాడు. 1363లో ఫ్రాన్సు వైద్యుడు గై డి షోలియాక్ తన పెద్ద గ్రంథంలో అడుగడుగునా జహ్రావీ పేరు చెప్పాడు. 1465లో అమాసియా ఊరి తుర్కీ జర్రాహ్ షరఫుద్దీన్ సబున్జూఓగ్లు దీనిని ఆధారం చేసుకొని, తన అనుభవం చేర్చి, తుర్కీ భాషలో గ్రంథం వ్రాశాడు. వైద్యుడు, రోగి ఎట్లా కూర్చోవాలో కూడా రంగుల బొమ్మలలో చూపించాడు. 1497లో వెనిస్‌లో లాటిన్ ప్రతి అచ్చయింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబ్బీ, లాటిన్ కలిపి వేశారు. మన దేశంలో 1908లో లక్నోలో శస్త్రచికిత్స భాగం అచ్చయింది. 1973లో స్పింక్, లూయిస్ అనే యిద్దరు అరబ్బీ మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం తెచ్చారు. మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ కూడా అరబ్బీ వైద్యానికి తక్కువ సేవ చేయలేదు. రాజీ వ్రాసిన అల్ హావీని ఎన్నో సంపుటాలలో వేసింది, ఇబ్నుల్ ఖుఫ్ వ్రాసిన శస్త్రచికిత్స గ్రంథాన్ని 1937లో వేసింది. ఉర్దూ, అరబ్బీ చదవగల మన పిల్లలలో ఎవరైనా డాక్టరు చదువుకు వెళ్తే, యీ గ్రంథాలను మూలంలోనే చూడవచ్చు.

కార్డోబాలో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. మట్టిలో కలిసిన జహ్రా నగరంలో 1911లో తవ్వకాలు మొదలుపెట్టారు. 2018లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. కొలువు కూటం గోడలు, చెక్కిన స్తంభాలు కొన్ని మళ్ళీ నిలబెట్టారు. నగరంలో ఎక్కువ భాగం మాత్రం తవ్వకుండా మట్టి కిందనే వుంది.